పంపు మెడలో దారం

ఉదయగిరి బస్టాండు దాటి నాలుగు కొట్లు అవతలికి పోతే కరీముల్లా షెడ్డు వస్తుంది. షెడ్డంటే నాలుగు సరివి వాసాలు, పది రేకులు, ఒక చెక్క బల్ల, లారీ కింద పడుకోవడానికి ఒక చాప. గోడలు లేవు. లోపల జరిగేదంతా ఊరందరికీ కనిపిస్తుంది. ఎదురుగా మునెయ్య టీ అంగడి ఉంది. ఆ బెంచీ మీద కూర్చునే నలుగురికీ కరీముల్లా ఏ బోల్టుకు ఎన్ని చుట్లు తిప్పాడో కూడా తెలుసు. తెలియకపోతే అడిగి తెలుసుకుంటారు.

షెడ్డు పెట్టి ఎనిమిది నెలలైంది. అది ఎనభై మూడో సంవత్సరం. అంతకు ముందు పద్నాలుగేళ్ళు కరీముల్లా ఆత్మకూరులో పీర్ సాహెబు దగ్గర పనిచేశాడు. పీర్ సాహెబంటే ఆ చుట్టుపక్కల లారీలకు డాక్టరు లాంటివాడు. సొంతంగా షెడ్డు పెట్టుకుంటానని సెలవు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు ఆయన దీవించాడు, దీవించి ఊరుకోకుండా ఒక మాట కూడా అన్నాడు. "బిగించడం ఎవుడైనా బిగిస్తాడ్రా కరీమూ. బిగించిన బండి తిరిగొస్తాది చూడు, అప్పుడు తెలుస్తాది నువ్వు మేస్త్రీవో కాదో."

ఎనిమిది నెలల్లో కరీముల్లా చేతికి బ్రేకులొచ్చాయి, కమాను కట్టలొచ్చాయి, క్లచ్చిలొచ్చాయి. ఇంజను మాత్రం ఒక్కరూ విప్పనివ్వలేదు. ఇంజను పనంటే లారీ తిన్నగా ఆత్మకూరు పోవాల్సిందే. ఉదయగిరిలో ఇంజను ముట్టుకునే మొగాడు ఉన్నాడని నమ్మి మొదట వచ్చినవాడు మాల్యాద్రి. అతనిది వరికుంటపాడు. సొంత లారీ, తనే డ్రైవరు. లారీ నల్లపొగ కక్కుతోంది, ఎంత తాగినా ఎత్తెక్కనంటోంది. "ఆత్మకూరు దాకా ఎందుకులే, నువ్వే చూడు" అని బానెట్ ఎత్తి చూపించాడు. ఆ మధ్యాహ్నం కరీముల్లాకు అన్నం సయించలేదు. సంతోషం ఎక్కువైనా ఆకలి చచ్చిపోతుందని అతనికి ఆ రోజే తెలిసింది.

తప్పు డీజిల్ పంపులో ఉంది. దాన్ని సరిచేసే మిషను నెల్లూరులో తప్ప ఈ దిక్కున ఎక్కడా లేదు. కరీముల్లా పంపు విప్పి, తుడిచి, గోనెసంచిలో కట్టి ఇస్తే మాల్యాద్రి బస్సులో నెల్లూరు తీసుకుపోయాడు. నాలుగో రోజు, శుక్రవారం నాడు, బాగుచేయించి మళ్ళీ బస్సులో తెచ్చాడు. వెంట అతని తల్లి వెంగమ్మ కూడా వచ్చింది. అప్పటికి కరీముల్లా చేతులు కడుక్కుని జుమ్మా నమాజుకు బయలుదేరుతున్నాడు.

"సంచి విప్పి బల్ల మీద పెట్టన్నా. నమాజు చేసుకొచ్చి ఎక్కిస్తాను" అని చెప్పి మసీదుకు పోయాడు.

తిరిగి వచ్చేసరికి పంపు పంపులా లేదు, పెళ్ళికూతురిలా ఉంది. ఒంటి నిండా పసుపు, మూడు చోట్ల కుంకుమ బొట్లు, పక్కన కొట్టిన కొబ్బరి చిప్పలు. కరీముల్లాకు ఇవేమీ కొత్త కాదు. ఏ లారీకి ఏ పని చేసినా పూజ లేకుండా ఎవరూ బండి తీయరు. కొత్తగా కనిపించిందల్లా ఒక దారం. పంపులోకి డీజిలు వచ్చే చోట బొటనవేలంత మెడ ఒకటి ఉంటుంది. ఆ మెడకు పసుప్పచ్చని దారం రెండు చుట్లు చుట్టి ముడివేసి ఉంది. దాని కొస జానెడు పొడుగున వేలాడుతోంది.

నర్రవాడ వెంగమాంబ పేరంటాలు గుడి దగ్గర కట్టించుకొచ్చిన దారం అయి ఉంటుందని కరీముల్లా అనుకున్నాడు. అనుకోవడానికి కారణం ఉంది. కిందటేడు దుత్తలూరు మలుపులో ఈ లారీయే గుంతలో పడింది. మాల్యాద్రి కాలు విరగ్గొట్టుకుని బయటపడ్డాడు. అప్పటినుంచీ వెంగమ్మ నెలనెలా నర్రవాడ పోయి వస్తోందని ఊరంతా ఎరుగును. కొడుకు ప్రాణం కోసం తల్లి కట్టిన దారం. దాన్ని మెకానిక్కు పానాతో గెలకడమేమిటి? కరీముల్లా దాన్ని చంటిబిడ్డ జుట్టు సర్దినట్టు వేలికొసతో పక్కకు సర్ది, పైపు పెట్టి, పైనా కిందా రాగి వాచర్లు వేసి బోల్టు బిగించాడు. గాలి తీసి సెల్ఫ్ కొట్టమన్నాడు. ఇంజను ఒక్కసారికే అందుకుంది. పొగ లేదు. మునెయ్య అడక్కుండానే టీ పంపించాడు.

ఆ రెండు రోజులు కరీముల్లా కొంచెం ఎత్తుగా నడిచాడంటే తప్పు పట్టాల్సిన పని లేదు.

ఆదివారం పొద్దున లారీ తిరిగొచ్చింది. ఆగిన ఐదు నిమిషాలకే కింద మట్టిలో అరచేయంత మడుగు కట్టింది.

"డీజిలు కారతా ఉండాది" అన్నాడు మాల్యాద్రి. అతను కోప్పడలేదు. కోప్పడి ఉంటే కరీముల్లాకు ఇంకొంచెం తేలిగ్గా ఉండేది.

చుక్క రాలుతున్నది ఫీడ్ పంపు అడుగు నుంచి. ఫీడ్ పంపంటే టాంకీలోంచి డీజిలు లాగి పెద్ద పంపుకు అందించే చిన్న పంపు, దాని పక్కనే కిందగా ఉంటుంది. అయితే డీజిలు కారేది ఒకచోట, చుక్క రాలేది ఇంకోచోట. పీర్ సాహెబు దగ్గర నేర్చిన మొదటి పాఠం అది. కారిన చోట మొదలై పైపు వెంట, బోల్టు వెంట పాకి, ఎక్కడ పల్లం దొరికితే అక్కడ రాలుతుంది. దొంగను పట్టడానికి ఆయన నేర్పిన ఉపాయం కూడా ఉంది. ఇంజనంతా పొడిగా తుడిచి, పైన తెల్లటి పొడి చల్లి, బండి ఆన్ చేసి చూడాలి. పొడి ఎక్కడ ముందు తడిస్తే అక్కడ పుట్టుక.

కరీముల్లా ఇంటికి పోయి భార్య షరీఫా మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చాడు. వాళ్ళు ఇంట్లో ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. కోపం వచ్చినప్పుడు మాత్రం షరీఫా తెలుగులోకి దిగుతుంది, వీధిలో వాళ్ళు కూడా వినాలని కాబోలు. "ఇంట్లో ఆడదానికి లేని సోకు ఆ లారీకెందుకంట?" అని ఆమె అడగడం మూడిళ్ళ అవతలికి వినిపించింది.

పౌడరు ముందు ఫీడ్ పంపు మీదే తడిసింది. కరీముల్లా దాని గాస్కెట్ మార్చాడు, వాచర్లు మార్చాడు. లారీ పోయింది. మంగళవారం మళ్ళీ వచ్చింది, మళ్ళీ అరచేయంత మడుగు. ఈసారి ఫీడ్ పంపు పైపులు విప్పి, మొదళ్ళు రుద్ది, కొత్త వాచర్లతో బిగించాడు. గురువారం మళ్ళీ వచ్చింది. మునెయ్య అంగడి బెంచీ మీద నలుగురు కాస్తా ఎనిమిది మంది అయ్యారు. "పంపు నెల్లూరోళ్ళు బాగానే చేసినారంట. బిగించడంలోనే ఏదో ఉండాది" అని ఒకడు మెల్లగా అన్నాడు. మెల్లగా అన్నా గోడలు లేని షెడ్డు కదా, వినిపించింది.

ఆ రోజు కరీముల్లా ఫీడ్ పంపు మొత్తం ఊడదీశాడు. నోటితో ఊదుతూ బకెట్టు నీళ్ళలో ముంచి చూశాడు. ఒక్క బుడగ రాలేదు. అది కడిగిన ముత్యంలా ఉంది. మళ్ళీ బిగించి, తుడిచి, పౌడరు చల్లి, ఇంజను ఆన్ చేయించి, తల బానెట్ లోపల పెట్టి రెప్ప వేయకుండా చూశాడు. చూస్తూ ఉండగా ఫీడ్ పంపు మూత మీద పౌడరు శనగగింజంత మేర తడిసింది. సరిగ్గా ఆ చోట దాన్ని ఆనుకుని ఉన్నది ఏమిటంటే, పైనుంచి వేలాడుతున్న దారం కొస.

కరీముల్లా చూపు ఆ దారం వెంట పైకి పోయింది. తడిగా ఉన్నదేదైనా దుమ్ము పట్టుకుంటుంది. ఆరు రోజుల్లో ఆ దారం కొస దుమ్ము పట్టి ఎలుక తోకలా నల్లగా లావెక్కింది. మెడ దగ్గర మాత్రం ఎండిన పసుపు పెచ్చులో కూరుకుపోయి పొడిగా, అమాయకంగా ఉంది. దీపంలో వత్తి నూనెను పైకి లాగినట్టు, ఈ దారం పైన వాచరు కిందినుంచి డీజిలును లాగి కిందికి దించుతోంది. తను బిగించేటప్పుడు దాని పోగు ఒకటి వాచరు కింద పడి ఉండాలి. ఇంకేమీ కాదు.

అతని చెయ్యి పైకి లేచింది, దారం దాకా పోయింది, వెనక్కి వచ్చేసింది.

ఏమని చెప్పాలి? నీ తల్లి కట్టిన దారం వల్లే నీ బండి కారుతోంది, తీసెయ్యనా అని అడగాలా? గుంతలోంచి కొడుకు బయటపడ్డాడని మొక్కుకుని కట్టిన ముసలామె ఏమనుకుంటుంది? తన పని తప్పును దేవత మీదికి తోసే సాయిబు అనుకుంటుంది. రేపు ఆ లారీకి దారిలో చిన్న గీత పడ్డా దారం తీసిన చెయ్యి ఎవరిదని అడుగుతారు. కరీముల్లా తలెత్తి చూస్తే బానెట్ అవతలి వైపునుంచి మాల్యాద్రి కూడా ఆ దారాన్నే చూస్తున్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. ఇద్దరూ గబుక్కున వేరే చోటికి చూశారు.

"పైన ఏమన్నా ఉండాదేమో చూస్తివా?" అన్నాడు మాల్యాద్రి, అదోలా.

"చూసినానన్నా. పైనంతా బాగానే ఉండాది" అన్నాడు కరీముల్లా. తను పుట్టి బుద్ధెరిగాక పని విషయంలో ఆడిన మొదటి అబద్ధం అది.

మాల్యాద్రి కాసేపు టవలుతో మెడ తుడుచుకున్నాడు. "రేపు ఎట్టాగూ ఆత్మకూరులో లోడుండాది. ఒకసారి పీర్ సాహెబుకు చూపించుకొస్తాలే. నువ్వు ఏమీ అనుకోబాకు" అని లారీ ఎక్కాడు.

ఏమీ అనుకోవద్దట. కరీముల్లా బల్ల మీద కూలబడ్డాడు. మొదటి ఇంజను పని, అందులోనూ తను బిగించిన పంపు, పోయి పోయి గురువు చేతిలో పడబోతోంది. ఇక ఉదయగిరిలో ఎవరు ఇంజను విప్పనిస్తారు? జన్మంతా బ్రేకులూ కమానులూ చూసుకుంటూ కూర్చోవాలి. సిగ్గుతో అతనికి కళ్ళు చెమర్చాయి. బెంచీ వాళ్ళకు కనపడకుండా లారీ లేని చోట, వట్టి చాప మీదనే పడుకుని పైకి చూస్తూ ఏదో పని ఉన్నట్టు నటించాడు.

సాయంత్రం అన్నం దగ్గర షరీఫాకు అంతా చెప్పాడు. ఆమె ఉర్దూలో విన్నది, తెలుగులో జవాబిచ్చింది. "ఆ ముసలామె మనిషే గదా. అడిగితే నోరు పడిపోతాదా? నువ్వు అడగవు, ఆయన చెప్పడు, మధ్యలో నా పౌడరు డబ్బా అయిపోయింది."

పొద్దున్నే కరీముల్లా మునెయ్య అంగడి ముందు రోడ్డు మీద నిలబడ్డాడు. ఏడున్నరకు లారీ వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ముందు సీట్లో వెంగమ్మ కూర్చుని ఉంది, అనంతసాగరంలో ఉన్న కూతురి దగ్గరకు పోతోందట. ఒకందుకు మంచిదే అయింది. ఇంకొకందుకు ఇక తప్పించుకునే దారి లేకుండా పోయింది.

"అమ్మా, ఒక మాట అడగాల. కోపం చేసుకోబాకు" అన్నాడు.

"అడుగు నాయనా."

"పంపుకు నువ్వు కట్టిన దారం ఉండాది చూడు. దాన్ని ఒక్క గడియ తీసి, పని చూసుకుని, మళ్ళీ నీ చేత్తోనే కట్టిస్తాను. తప్పయితే ఆ పాపం నాకే. ఆ దారం వెంబడే డీజిలు దిగతా ఉండాది."

వెంగమ్మ కిటికీలోంచి అతన్ని అట్లాగే చూసింది. తర్వాత కొడుకు వైపు చూసింది.

"నేను కట్టిందేంది? అది మీ దర్గా దారం గదా" అంది.

"మా దర్గాదా?"

"ఏ.ఎస్.పేట దర్గాలో కట్టించి పంపించినావనుకున్న్యాం. గోనెసంచి విప్పినప్పుడే మెడకు ఉండాది. నువ్వే గదా సంచి కట్టిచ్చింది. మావోడు నెల్లూర్లో దాని మూతి విప్పకుండానే ఇచ్చి, కట్టినట్టే తెచ్చుకున్న్యాడు. సాయిబుల దారంరా, దాన్ని కదిలించబాకు అని మావోడికి చెప్పి, దానికి తగలకుండా చుట్టూ పసుపు పూద్దామని చూసినా. ముసలి చెయ్యి, దానిక్కూడా అంటుకునింది."

"పసుపు చూసి అది మీ నర్రవాడ పేరంటాలు దారమనుకున్నానమ్మా నేను."

లారీ ఇంజను డగడగలాడుతోంది. కింద మడుగు మెల్లగా పెరుగుతోంది. మునెయ్య చేతిలో టీ గ్లాసు పట్టుకుని రోడ్డు మధ్యలోనే ఆగిపోయాడు. ముందు నవ్వింది వెంగమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ఆమె నవ్వు చూసి మాల్యాద్రి, అతన్ని చూసి కరీముల్లా. బెంచీ మీద ఉన్నవాళ్ళకు సంగతి తెలియకపోయినా వాళ్ళూ నవ్వారు. సంగతి తర్వాత తెలుసుకోవచ్చునని వాళ్ళ ధైర్యం.

లారీని షెడ్డులోకి తీసుకున్నారు. ఎవరిదీ కాదని తేలిపోయినా, బ్లేడు పెట్టేటప్పుడు కరీముల్లా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. బిస్మిల్లా అనుకుని కోశాడు. ముడిలో చిక్కుకుని అట్టముక్క ఒకటి, గోరంత ఉంది. దాని మీద ఎర్ర పెన్సిలుతో నలభై ఒకటి అని రాసి ఉంది. అప్పుడు అర్థమైంది. నెల్లూరు పంపు షాపులో పది ఊళ్ళ పంపులు ఒకచోట పడి ఉంటాయి. ఎవరిది ఏదో తెలియడానికి నంబరు చీటీ రాసి దారంతో కడతారు. మిగతా చీటీ గోనెసంచి రాపిడికి చిరిగి రాలిపోయింది. దారం మిగిలిపోయి, ఉదయగిరిలో దిగేసరికి దేవుడైపోయింది.

బోల్టు విప్పి రాగి వాచరు వెలుతురుకు పట్టి చూశాడు. దాని మీద వెంట్రుకంత గీత ఉంది. గీతలో ఒక పోగు నలిగి అంటుకుపోయి ఉంది. దాన్ని మాల్యాద్రికి, వెంగమ్మకు, రోడ్డు దాటి వచ్చిన బెంచీ వాళ్ళకు వరసగా చూపించాడు. కొత్త వాచర్లు వేసి బిగించి, డబ్బా అడుగున మిగిలిన పౌడరు చల్లి, ఇంజను ఆన్ చేయించాడు. పావుగంట నడిచింది. అందరూ బానెట్ మీదికి వంగి చూశారు. పౌడరు పౌడరుగానే ఉంది. కరీముల్లా తన తెల్ల చేతిగుడ్డతో ఫీడ్ పంపు అడుగున తుడిచి చూశాడు. గుడ్డ తెల్లగా వచ్చింది. ఆ గుడ్డను మడిచి జేబులో పెట్టుకుంటుంటే అతని గుండెల మీదనుంచి లారీ దిగిపోయినట్టుంది.

మాల్యాద్రి అతన్ని పక్కకు పిలిచాడు. "ఒక మాట చెప్పాల. ఆ దారం మీద నాకు మంగళవారమే అనుమానమొచ్చినాది. మీ దర్గా దారాన్ని నువ్వే తియ్యమని నేనెట్టా చెప్పేది? పీర్ సాహెబు మీవాడు, పెద్దాయన. ఆయన చేత తీయించుకుని ఏమీ ఎరగనట్టు వచ్చేద్దామనుకున్నా. నీ పని మీద నమ్మకం లేక కాదబ్బయా."

నిన్నంతా తనకు మర్యాద పోయిందని చాప మీద పడి ఏడ్చినంత పని చేశాడు. ఈ మనిషేమో తనకు మర్యాద తక్కువ కాకూడదని కారే లారీతో నలభై మైళ్ళు పోవడానికి సిద్ధపడ్డాడు. "ముందే అడిగుంటే ఇద్దరికీ నిద్ర పట్టేది గదన్నా" అని మాత్రం అన్నాడు.

లారీ ఆత్మకూరు పోయింది. ఆదివారం తిరిగొచ్చింది. బస్టాండు మలుపులో దాన్ని చూడగానే కరీముల్లా కళ్ళు ముందు దాని కిందికే పోయాయి. వచ్చి షెడ్డు ముందు ఆగాక కూడా కింద మట్టి పొడిగానే ఉంది.

"పీర్ సాహెబుకు జరిగిందంతా చెప్పినాను" అన్నాడు మాల్యాద్రి దిగుతూనే. "కడుపు పట్టుకోని నవ్వినాడు. నవ్వి నవ్వి ఏమన్నాడో తెలుసునా? నా దగ్గరికి తెచ్చి ఉన్నా నేనూ ముట్టుకునేవాణ్ణి కాదు, పసుపుండాది గాబట్టి మీ అమ్మ కట్టిందనుకోని ఫీడ్ పంపు కొత్తది వెయ్యమని చెప్పి పంపించుందును అన్నాడు. తిరిగొచ్చిన బండిని మావోడు బాగుచేసి పంపించినాడు గదా, ఇంక వాడు మేస్త్రీనే అని చెప్పమన్నాడు."

కరీముల్లా ఆ మాట రెండోసారి కూడా చెప్పించుకున్నాడు. రెండోసారి కొంచెం గట్టిగా చెప్పమన్నాడు, బెంచీ వాళ్ళకు వినపడాలి కదా. మాల్యాద్రి చొక్కా జేబులోంచి కొత్త పౌడరు డబ్బా తీసి, షరీఫాకిమ్మని చేతిలో పెట్టాడు.

వెంగమ్మ కూడా దిగింది. ఆమె చేతిలో నిజంగానే నర్రవాడ నుంచి తెచ్చిన దారం ఉంది. తిన్నగా షెడ్డు ముందు వాసం దగ్గరకు పోయి, పానాలు తగిలించే మేకుకు రెండు చుట్లు చుట్టి, గట్టిగా ముడి వేసింది.

"ఇది మాత్రం నేనే కట్టినాను. బాగా చూసుకో. ఏ పంపుకూ తగలకుండా కట్టినాను" అంది.

ఆ తర్వాత నెల తిరగకముందే రెండు ఇంజన్లు షెడ్డుకొచ్చాయి. నెల్లూరు నుంచి ఏ సామాను వచ్చినా కరీముల్లా ముందు దాని మెడ చూస్తాడు. దారం ఉంటే నలుగురినీ పిలిచి, ఇది ఎవరిదయ్యా అని అడిగి, మాది కాదని అందరూ అన్నాకనే కోస్తాడు. ఆ తర్వాత రెండేళ్ళకు షెడ్డు వాసాలకు రంగు వేయించాడు. ఆ ఒక్క మేకు దగ్గర బ్రష్షు చుట్టూ తిప్పి వేయమన్నాడు. రంగు వేసేవాడు అదేం దారమని అడగలేదు. అది ఎవరిదో ఉదయగిరిలో అందరికీ తెలుసు.